బొమ్మల బోర్డు: మీరు చెయ్యకండి, పిలకాయలతో చేయించండి

ఇవాళ బళ్లో గోడకుండే బొమ్మల బోర్డు గురించి మాట్లాడుకుందాం. డిస్‌ప్లే బోర్డు అనండి, బులెటిన్ బోర్డు అనండి, ఊళ్లో అయితే దాన్నీ నోటీసు బోర్డనే అంటారు, ఏదైనా ఒకటే. 2025 డీఎస్సీలో ఉద్యోగం వచ్చి కొత్తగా బడికి వెళ్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ వీడియోలు చూస్తున్నారని తెలుసు. మీకు మొదటి నెలలోనే ఎవరో ఒకరు అని ఉంటారు, "కొత్త టీచరువి కదా, ఆ బోర్డు కాస్త కళగా చెయ్యమ్మా" అని. ఇంక ఆ రాత్రి నిద్ర ఉండదు. థర్మోకోల్ షీటు, కట్టరు, ఫెవికాల్, మెరుపుల కాగితం ముందేసుకుని పదకొండు దాకా అక్షరాలు కోస్తా కూర్చుంటారు. తెల్లారేసరికి బోర్డు బ్రహ్మాండంగా ఉంటుంది. ఫొటో తీసి గ్రూపులో పెడితే అందరూ చప్పట్ల బొమ్మలు పంపిస్తారు. మార్చి దాకా ఆ బోర్డు అట్లాగే ఉంటుంది. దుమ్ము ఒక్కటే కొత్తగా చేరుతుంది.

ఆ బోర్డు మీద పిల్లల బొమ్మ ఒక్కటీ ఉండదు చూడండి. ఉన్నా మూడో నాలుగో ఉంటాయి, ఎప్పుడూ ఆ ముగ్గురివే.

నేను చెప్పేదల్లా ఒక్కటి. బోర్డును మీరు అలంకరించకండి. పిలకాయలు వాళ్లంతట వాళ్లు మార్చుకునేలా జూన్‌లో ఒకసారి ఏర్పాటు చేసి వదిలెయ్యండి. ఆ ఏర్పాటుకు ఒక పూట పడుతుంది. తర్వాత మా బళ్లో అయితే బోర్డు మొత్తం మారడానికి పది నిమిషాలు. అందులో నా చెయ్యి పడేది రెండు నిమిషాలే.

ముందు గాలి సంగతి చెప్పాలి, ఎందుకంటే మాది నెల్లూరు తీరం. మైపాడు, కోడూరు, అటు తూపిలిపాళెం దాకా ఎక్కడైనా ఉప్పుగాలే. హైదరాబాద్‌లో ఎవరో చేసిన బోర్డు వీడియో చూసి ఇక్కడ అట్లాగే చేస్తే వారం నిలబడదు. చార్టు కాగితం తేమకు ఉబ్బి అప్పడంలా లేస్తుంది. సెల్లోటేపు మధ్యాహ్నానికే ఊడిపోతుంది. గుండుసూది, డ్రాయింగ్ పిన్ను తుప్పు పట్టి ప్రతి బొమ్మకీ నాలుగు మూలలా ఎర్ర చుక్కలు పెడతాయి. మైదా జిగురు పూస్తే బొద్దింకలకు పండగ. ఇక అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు అసలు వానలు అప్పుడే కదా, ఆ మూడు నెలలూ కాగితం అనేది గోడకు అంటుకోదు. అందుకని మా బోర్డులో జిగురు లేదు, టేపు లేదు, పిన్ను లేదు.

మరి ఏముందంటే, ఒక పాత నూలు చీర. ఇది చాలామందికి నవ్వులాటగా ఉంటుంది కానీ లెక్క చూడండి. మన బళ్లలో మామూలుగా ఉండే బోర్డు 6 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు. చీర అయిదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. వెడల్పు దాదాపు 4 అడుగులు. ఒక్క చీర మూడు బోర్డులకు బొటాబొటిగా సరిపోతుంది, రెండు బోర్డులకైతే మడత పెట్టి బిగించుకునేంత మిగుల్తుంది. పైగా బోర్డుకు బోర్డరు కావాలని రంగు కాగితాలు వంకర వంకరగా కత్తిరిస్తారే, ఆ పని లేదు. చీరకు పైనా కిందా అంచు ఉండనే ఉంది. వెంకటగిరి నూలు చీర, పాతబడి మెత్తబడింది ఏ ఇంట్లోనో దొరికిందంటే ఇంక అడగనక్కర్లేదు, సన్నటి జరీ అంచుతో బోర్డు పెళ్లికూతురిలా ఉంటుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి, చీర మధ్యలో పెద్ద పెద్ద పువ్వులు ఉండకూడదు. ముదురు ఆకుపచ్చో, ఇటుక రంగో, ఒకే రంగు ఉంటే మేలు. పువ్వుల మీద పువ్వు బొమ్మ పెడితే ఏదీ కనపడదు. తేమకు గుడ్డ ఉబ్బదు, ఎండకు వెలిస్తే ఏడాదికోసారి మార్చుకోవచ్చు, మాసితే ఉతుక్కోవచ్చు.

దాని మీద అడ్డంగా నాలుగు వరసలు దారం కట్టాలి. దారం కొనే పని లేదు. పాళెంలో ఏ ఇంటి అరుగు మీద చూసినా వల బాగు చేసుకునే నైలాన్ దారం ఉంటుంది. నీళ్లలో నానేదానికే తయారైన దారం అది, దానికి తేమ ఒక లెక్కా. ఒకరోజు సాయంత్రం ఒక నాన్నను పిలిచి అడగండి. వల కట్టే చేతి ముడి ఒకసారి పడిందంటే ఏడాదంతా దారం జారదు. దారం చివర్లు బోర్డు చట్రం బయట మేకులకు కట్టండి. మేకు తుప్పు పడుతుంది, పట్టనివ్వండి, కాగితానికి తగలదు కదా.

దారానికి బట్టల క్లిప్పులు. ఎంతమంది పిల్లలో అన్ని క్లిప్పులు, ప్రతి క్లిప్పు మీద ఒక నంబరు. ఇదీ అసలు కీలకం. ఏడో నంబరు క్లిప్పు ఏడాదంతా ఒకే పిల్లది. ఆ క్లిప్పు ఖాళీగా ఉంటే ఆ పిల్ల బొమ్మ ఇంకా రాలేదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కొత్త బొమ్మ గీసినప్పుడు పాతది తనే తీసి తనే తగిలించుకుంటుంది.

ఇక్కడ కాగితం సైజు లెక్క ఉంది, దీన్ని దాటెయ్యకండి. ఏ4 కాగితం నిండుగా గీయిస్తే 6 అడుగుల్లో అడ్డంగా ఆరే పడతాయి, ఊపిరాడదు. అదే కాగితాన్ని సగానికి చించండి. ఇప్పుడు వరసకు ఏడు, నాలుగు వరసలకు 28, మధ్యలో ఖాళీ కూడా ఉంటుంది. చిన్న కాగితం అయితే ఒక్క పీరియడ్‌లో గీసి రంగు వెయ్యడం అయిపోతుంది. పెద్ద కాగితం ఇస్తే ఆకాశం సగం నింపేసరికి గంట కొడతారు, సగం బొమ్మలు ఎప్పటికీ పూర్తి కావు. రంగులు మైనం క్రేయాన్లే వాడించండి. నీళ్ల రంగులు మా గాలికి ఆరవు, ఆరినా కాగితం చుట్టుకుపోతుంది.

బోర్డు ఎత్తు గురించి కూడా. చాలా బళ్లలో బోర్డు పెద్దవాళ్ల తల ఎత్తున ఉంటుంది, ఎందుకంటే కొట్టించినవాళ్లు పెద్దవాళ్లు కాబట్టి. కుదిరితే దించండి. కింది చట్రం నేల నుంచి అడుగున్నర ఎత్తులో ఉంటే పై అంచు అయిదున్నర అడుగుల దగ్గరికి వస్తుంది. ఒక్క టీచరే అయిదు తరగతులూ చూసుకునే బడి అయితే ఇది బాగా పనికొస్తుంది. కింది వరస ఒకటో తరగతికి, పై వరస అయిదో తరగతికి. ఎవరి చెయ్యి ఎంతవరకు అందుతుందో అక్కడే వాళ్ల క్లిప్పు.

ఇది నా సొంత కనిపెట్టుడు కాదండోయ్. సూళ్లూరుపేట దాటితే తమిళనాడే కదా, అక్కడ సర్కారు బళ్లలో ఈ పని రాష్ట్రమంతా జరిగింది. మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బళ్ల కోసం కార్డులతో నేర్పే ఒక పద్ధతి తయారు చేశారు. దాన్ని చూసి 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లలో అట్లాంటిది మొదలుపెట్టారు, 2007-08కల్లా తమిళనాడు ప్రాథమిక పాఠశాలలన్నిటికీ తీసుకెళ్లారు. ఆ తరగతి గదుల్లో పిల్లల తలల మీదుగా తీగలు లాగి కట్టేవాళ్లు. వాళ్లు దాన్ని కంబి పందల్ అంటారు. కంబి అంటే మన కమ్మీయే, తీగ. పిల్లలు చేసిన పని అంతా ఆ పందిరికి వేలాడేది. గోడ చుట్టూ కింద, పిల్లల ఎత్తులో నల్లబల్ల, దాంట్లో ఒక్కొక్కరికి ఒక్కో గడి. గది నిండుగా ఉండేది. మాది అదే ఆలోచన, ఉప్పుగాలికి తగ్గట్టు మార్చుకున్నది.

సరే, బోర్డుకు పైన పేరు. టైము తినేసేది ఎక్కువగా ఇక్కడే. అక్షరాలు కొయ్యడం మానెయ్యండి. ఒక చెక్క పలకకు నల్ల రంగు వేసి బోర్డు పైన తగిలించండి, సుద్దముక్కతో రాయండి, తుడవండి, మళ్లీ రాయండి. "స్వాగతం", "పరిశుభ్రతే ఆరోగ్యం" ఇవి వద్దు, వాటిని ఎవరూ రెండోసారి చదవరు. ప్రశ్న రాయండి. పిల్లల బొమ్మలే దానికి జవాబులు కావాలి.

ప్రశ్న ఊరిలో నుంచి రావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్లకు వేట నిషేధం. బళ్లు తెరిచేది జూన్ 12న. అంటే బడి తెరిచిన మూడు రోజులకు బోట్లు సముద్రంలోకి వెళ్తాయి. ఏడాదిలో మొదటి బోర్డుకు దీన్ని మించిన ప్రశ్న ఏముంది? "తొలిరోజు వలలో ఏం పడింది?" అని రాసి చూడండి. చేప బొమ్మ ఎట్లా గీయాలో మీరు చెప్పక్కర్లేదు. వంజరానికి, చందువకు తేడా మీకంటే వాళ్లకే బాగా తెలుసు. మొప్ప ఎక్కడ, రెక్క ఎక్కడ, తోక ఎట్లా చీలుతుంది, అన్నీ వేస్తారు. సేద్యం ఊరైతే "మా కయ్యలో నాట్లు వేసింది ఎవరెవరు?" అని అడగండి. రొయ్యల గుంటల పక్క ఊరైతే రాత్రిపూట గుంట దగ్గర కాపలా ఎవరుంటారని అడగండి.

బొమ్మ కింద ఒక వాక్యం ఉండాలి, పిల్లలదే. రాయగలిగితే రాస్తారు, రాయలేకపోతే చెప్తారు, మీరు రాయండి. చెప్పింది చెప్పినట్టు రాయండి. "మా నాయనా చిన్నాయనా అలివి వల లాగతా ఉండారు" అంటే అట్లాగే. దాన్ని "లాగుచున్నారు" అని దిద్దారంటే ఆ వాక్యం ఇంక మీది. ఈ వాక్యం వల్ల బోర్డు పని భాష పీరియడ్‌లోనే అయిపోతుంది, దానికి వేరే టైము తియ్యక్కర్లేదు. చదవడం రాని పిల్ల కూడా తను చెప్పిన వాక్యం అయితే వేలు పెట్టి చదువుతుంది. ఆ వేలు అట్లాగే పక్క క్లిప్పు దగ్గరికి పోతుంది.

దిద్దడం అన్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. సముద్రం అంటే నీలం అని మన బుర్రలో ఉంటుంది. వానలప్పుడు పెన్న కలిసే చోట నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉంటాయి. ఆ ఊరి పిల్లోడు సముద్రానికి మట్టిరంగు వేస్తే "సముద్రం ఇట్లా ఉంటుందా?" అనకండి. అట్లాగే ఉంటుంది. పులికాట్ ఫ్లెమింగోలదీ ఇదే కథ. ఫోనులో ఫ్లెమింగో అని కొడితే వచ్చే ముదురు గులాబీ పక్షి ఎక్కువసార్లు అమెరికా వైపుది. మన దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ తెల్లగానే కనపడతాయి, రెక్క విప్పితే లోపల గులాబీ. పిల్లలు తెల్లగా గీస్తారు, టీచరు ఫోను చూపించి గులాబీ రంగు వేయిస్తారు. ఎవరు పక్షిని చూసి చెప్తున్నారో ఆలోచించండి. నేలపట్టు గూడబాతులనైనా అంతే, ప్రింటు తీసిన బొమ్మ పక్కన పెట్టి పిల్లలవి తప్పులనకండి.

ఇప్పుడు అసలు విషయం. అందరి బొమ్మలూ ఎందుకు పెట్టాలి, బాగున్నవి పెడితే మిగతావాళ్లకూ ఉత్సాహం వస్తుంది కదా అని చాలామంది సీనియర్లు అంటారు. నేను ఒప్పుకోను. ఇంకో బళ్లో పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు చూసింది చెప్తాను. పాళెం నుంచి వచ్చిన ఒకాయన, లోపలికి రావడానికే మొహమాటపడి వరండాలో నిలబడ్డాడు. అక్కడ బోర్డు ఉంది, రంగురంగులుగా, ఎనిమిదో పదో బొమ్మలు. ఆయనకు చదువు రాదు. కానీ ఒక్కో బొమ్మా చూస్తా నిదానంగా జరిగాడు, చివరికి వచ్చాడు, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. కొడుకును పిలిచి "నీది ఏదిరా?" అన్నాడు. ఆ పిల్లోడు బోర్డు వైపు చూడలేదు. "నాది ఇంట్లో ఉంది" అన్నాడు.

ఇంటిలో బడి ముఖం చూసిన మొదటి మనిషి ఆ పిల్లోడు. చేపలవేట సీజన్‌లో, రొయ్యల పట్టుబడి రోజుల్లో బడి మానేసేది కూడా అట్లాంటి పిల్లలే. బళ్లో తన పేరు, తన చేతి పని ఎక్కడా లేనప్పుడు మానెయ్యడం తేలిక. నేను ఏదో బోర్డుతో హాజరు పెరిగిపోతుందని చెప్పడం లేదు. వాళ్ల నాయన మళ్లీ వచ్చినప్పుడు చూసుకోవడానికి ఒక క్లిప్పు ఉండాలి అంటున్నాను.

ఇంకో వైపు కూడా ఉంది. బోర్డు బాగుందని నాలుగు గోడలూ నింపెయ్యకండి. 2014లో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు ఒక చిన్న పరీక్ష చేశారు. ఫిషర్, గాడ్విన్, సెల్ట్‌మన్ అనే ముగ్గురు. కిండర్‌గార్టెన్ పిల్లలు 24 మంది, అవే రకం పాఠాలు, కొన్ని బోసి గోడల గదిలో, కొన్ని చార్టులు నిండిన గదిలో. చార్టుల గదిలో పిల్లల చూపు పాఠం మీద లేని టైము 38.6 శాతం, బోసి గదిలో 28.4 శాతం. నేర్చుకున్నది కూడా బోసి గదిలోనే ఎక్కువ. 24 మందే కాబట్టి దాన్నే వేదం అనుకోనక్కర్లేదు, కానీ తరగతి గదిలో నిలబడినవాళ్లకు ఇది ఆశ్చర్యం కూడా కాదు. అందుకే మా బోర్డు నల్లబల్ల గోడకు లేదు, వెనక గోడకు ఉంది. వరండాలో చోటుంటే ఇంకా మంచిది, వాన జల్లు కొట్టని పక్కన.

థర్మోకోల్ గురించి ఒక్క ముక్క. అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు నిషేధించారే, అదే జాబితాలో ఇదీ ఉంది. అయినా షాపుల్లో అమ్ముతారు, మనం కొంటాం, ప్లాస్టిక్ నిషేధం మీద నినాదం రాయడానికి కూడా దాన్నే కోస్తాం! కోసినప్పుడు రాలే ఆ తెల్ల పూసలు గాలికి ఎగిరి కాలవలో పడితే నేరుగా సముద్రానికే, బడికీ సముద్రానికీ మధ్య ఏముంది గనక.

మార్చే పద్ధతి చెప్తాను. రెండు వారాలకోసారి, శనివారం. ముందు ఫోను తీసి బోర్డు మొత్తం ఒక ఫొటో, తర్వాత వరసకొకటి దగ్గరగా. ఇవి మీ దగ్గర ఉంచుకోండి. ఎవరైనా తనిఖీకి వచ్చి "ఆర్ట్ యాక్టివిటీ ఏం చేయిస్తున్నారు?" అంటే ఫోను చూపిస్తే చాలు, వాళ్ల కోసమని మళ్లీ ఒక బోర్డు చెయ్యక్కర్లేదు. స్టేటస్‌లో పెట్టేటప్పుడు మాత్రం పిల్లల పేర్లు, మొహాలు లేకుండా చూసుకోండి. తర్వాత పిల్లలే వరస ప్రకారం వచ్చి పాతవి తీస్తారు, కొత్తవి పెడతారు. తీసినవి పారెయ్యొద్దు. ప్రతి పిల్లకూ ఒక పాత కవరు, దాంట్లో వేసుకుంటా పోతే ఏప్రిల్‌కు పదిహేను పైనే అవుతాయి. ఎడమ పక్క రెండు చిల్లులు పెట్టి అదే వల దారంతో కుట్టించండి. అది ఇంటికి పోతుంది. జూన్‌లో గీసిన చేప, మార్చిలో గీసిన చేప ఒకే పుస్తకంలో చూస్తే వాళ్లకే నవ్వొస్తుంది.

తుఫాను హెచ్చరిక వచ్చి బడికి సెలవిస్తే, తాళం వేసే ముందు బొమ్మలన్నీ తీసి బీరువాలో పెట్టించండి, క్లిప్పులు ఉండనివ్వండి. 28 మంది చేతులు పడితే నిమిషం కూడా పట్టదు.

క్లిప్పుల మీద నంబర్లు స్కెచ్ పెన్నుతో రాయకండి, నవంబర్ తేమకు కారిపోతాయి. గోళ్లరంగుతో రాయండి. ఎరుపు అయితే దూరానికి కూడా కనపడుతుంది, ఒక చిన్న సీసా 28 క్లిప్పులకు వచ్చి ఇంకా మిగుల్తుంది. ఆ మిగిలింది మాత్రం బళ్లో పెట్టకండి, మధ్యాహ్నం భోజనం అయ్యేసరికి ఆడపిల్లల గోళ్లన్నీ ఎర్రగా ఉంటాయి. ఉంటానండీ.